చెరువుకు పడవ కొనేముందు బురదను చూడండి

తిరుపతిలో ఎవరితోనైనా పడవ కొనాలనుకుంటున్నానని చెప్పి చూడండి, ముందు నవ్వుతారు. ‘స్వర్ణముఖిలో ఇసుక తప్ప ఏముందప్పా, పడవేసుకుని యాడికి పోతావు?’ అంటారు. ఆ మాటలో తప్పేమీ లేదు. మన ఏట్లో ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్లు కనబడవు. మనవాళ్లలో చాలామందికి పడవంటే తెప్పోత్సవమే. తెప్ప మీద స్వామివారు ఉంటారు, మనం పుష్కరిణి మెట్ల మీద ఉంటాం. అంతకు మించి పరిచయం లేదు.

కానీ ఇది ఏటిని చూసి నీళ్లు లెక్కగట్టే సీమ కాదు, చెరువుల సీమ. రామచంద్రాపురం దగ్గర రాయలచెరువు, పిచ్చాటూరు దగ్గర ఆరణియార్, కార్వేటినగరం వైపు కృష్ణాపురం, పెనుమూరు దగ్గర కలవగుంట. ఇవి కాక బోర్డు కూడా లేని ఊరి చెరువులు ఎన్నో. వీటిని నింపేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉండే ఈశాన్య రుతుపవనాలు, వాటితోబాటు వచ్చే వాయుగుండాలు. 2021 నవంబరులో రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించిన సంగతి ఈ చుట్టుపక్కల ఎవరూ మరిచిపోలేదు. వాన బాగా పడిన ఏడాది సంక్రాంతికి చెరువు కళకళలాడుతూ ఉంటుంది. శివరాత్రి దాటాక నీళ్లు వెనక్కి జరగడం మొదలవుతుంది. ఉగాదికి చాలా చెరువుల్లో నడుం లోతు, కొన్నింట మోకాటి లోతు. చేపలు ఆ మిగిలిన మడుగుల్లోకి చేరతాయి. గాలం వేసేవాడికైనా వల విసిరేవాడికైనా అదే అసలు సీజను.

ఇక నా వాదనకు వస్తాను. లోతు తక్కువ నీళ్లకు చిన్న పడవ కొనేవాళ్లంతా ముందు అడిగేది ఒకటే, ఇది ఎంత లోతులో తేలుతుందని. ఆ పరీక్షలో దాదాపు ప్రతి చిన్న పడవా పాసవుతుంది. మనం అడగాల్సింది వేరే ఉంది. కట్ట దిగిన దగ్గర్నుంచి నీళ్లు తగిలేదాకా దీన్ని మోసేదెవరు?

నమ్మకం కుదరకపోతే లెక్క వేద్దాం. బడిలో చదివిన ఆర్కిమెడీస్ సూత్రం చాలు. పదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అడుగు భాగం చదును. ముందూ వెనకా కాస్త పైకి లేచి ఉంటుంది కాబట్టి నీటికి ఆనే భాగం సుమారు 2.4 చదరపు మీటర్లు అనుకుందాం. అంటే ఆ పడవ ఒక్క సెంటీమీటరు కిందికి దిగాలంటే 24 కిలోల బరువు పడాలి. పడవ 35 కిలోలు, ఇద్దరు మనుషులు 140, వల, గాలాలు, నీళ్ల సీసాలు, టిఫిన్ డబ్బా అన్నీ కలిపి 25. మొత్తం 200 కిలోలు. ఎనిమిది సెంటీమీటర్ల పైచిలుకు మునుగుతుంది. ఇప్పుడు అదే కొలతల్లో 80 కిలోల ఫైబర్ పడవ పెట్టండి. మొత్తం 245 కిలోలు, పది సెంటీమీటర్ల చిల్లర. రెండింటికీ తేడా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. ఆ బరువైన పడవకే అరడుగు వెడల్పు పెంచితే ఆ తేడా కూడా ఇంచుమించు పోతుంది. నీళ్లలో లోతును తేల్చేది ముఖ్యంగా అడుగు వైశాల్యం. బరువు పాత్ర అక్కడ చిన్నదే.

ఆ 45 కిలోల తేడా ఒళ్లు విరిచేది నేల మీద.

మార్చి, ఏప్రిల్ నెలల్లో చెరువు ఎలా ఉంటుందో దగ్గరగా చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెబుతాను. కట్ట దిగగానే కంప చెట్లు. సర్కారు తుమ్మ అని పుస్తకాల్లో రాస్తారు, మనం మాత్రం కంప అనే అంటాం. దాని మధ్య మేకలు చేసిన సన్న దారి. అది దాటితే నెర్రెలు విచ్చిన నేల, దాని మీద నడక బాగానే ఉంటుంది. ఇంకొంచెం ముందుకు పోతే నెర్రెలు సన్నబడతాయి, పైన పొర ఎండినట్టే కనిపిస్తుంది. అక్కడ కాలు వేయగానే పిక్క దాకా దిగిపోతుంది. చెప్పు లోపలే ఉండిపోతుంది, కాలు మాత్రం పైకి వస్తుంది. అక్కడి నుంచి నీళ్ల దాకా అడుసే. నీళ్లు తగిలాక కూడా కొంత దూరం చీలమండ లోతే ఉంటుంది కాబట్టి పడవ తేలదు, లాగాలి. అడుసు తొక్కనేల కాలు కడగనేల అన్నవాళ్లు చేపలు పట్టే రకం కాదేమో.

ఆ అడుసులో చదును అడుగు పడవను కాసేపు వదిలేస్తే ఇంకో చిక్కు వస్తుంది. అడుగుకూ బురదకూ మధ్య గాలి లేకుండా అతుక్కుపోతుంది. పైకి ఎత్తబోతే పడవ బరువుతోబాటు ఆ పట్టును కూడా ఎత్తాలి. తాడు పట్టుకుని ముందుకు గుంజితే కదలదు. ఒక పక్క అంచు పట్టుకుని మెల్లగా పైకి వంచితే, ‘చప్’మని చప్పుడు వచ్చి కిందికి గాలి దూరుతుంది. అప్పుడు కదులుతుంది. 35 కిలోల పడవను ఒక్కడే అలా వంచగలడు. 80 కిలోలదైతే ఇద్దరు కావాలి, ఆ ఇద్దరి కాళ్లూ పిక్క దాకా దిగి ఉంటాయి. అడుగున పొడవునా రెండు చెక్క పట్టీలు బిగించుకుంటే ఈ పట్టు బాగా తగ్గుతుంది, రాళ్ల మీద లాగినప్పుడు అడుగు గీసుకుపోకుండానూ ఉంటుంది. అమ్మేవాళ్ల ప్రకటనల్లో ఈ పట్టీల ఊసు ఉండదు, కప్పు పెట్టుకునే హోల్డరు గురించి మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అంటారు కదా. మన చెరువుల్లో పడవ సగం పొద్దు బండే.

నాతో ఈ విషయంలో గట్టిగా వాదించేది మా బావ. ఆయనది నాయుడుపేట. పులికాట్ వైపు చుట్టాలున్నారు, పడవల సంగతి నాకంటే తనకే తెలుసని ఆయన నమ్మకం, చాలావరకు నిజం కూడా.

“తేలికగా ఉంటే గాలికి కొట్టుకుపోతుందిరా. బరువుంటేనే నిలకడ” అంటాడు.

“బరువు కావాలంటే నీళ్లలోకి దిగాక పెట్టుకోవచ్చు బావా. ఇరవై లీటర్ల క్యాన్లు రెండు, చెరువు నీళ్లతోనే నింపి మధ్యలో పెడితే నలభై కిలోలు వచ్చేసె. తిరిగొచ్చేటప్పుడు పారబోస్తే సరి. నీ ఫైబర్ పడవ బరువును పారబోయగలవా?”

దీనికి ఆయన దగ్గర జవాబు లేదు కానీ ఒప్పుకోడు. గాలి సంగతిలో ఆయన మాటను పూర్తిగా కొట్టిపారేయలేం. తేలిక పడవ నీటి మీద ఎక్కువగా నిలబడి ఉంటుంది, అంచులు ఎత్తుగా ఉంటే గాలి వాటిని పట్టుకుని తోస్తుంది. అందుకే అంచు ఎత్తు అడుగు, అడుగుంబావు మించకూడదని నా అభిప్రాయం. మన చెరువుల్లో అలలు లేవవు కాబట్టి అది చాలు. నిలకడ మాత్రం బరువుతో వచ్చేది కాదు, వెడల్పుతోనూ కూర్చునే ఎత్తుతోనూ వస్తుంది. చదును అడుగు పడవ మొదట్లో గట్టిగా నిలబడుతుంది, లేచి నిలుచున్నా కదలదు. ఆ ధైర్యంతోనే మనిషి అంచు దాకా పోతాడు. ఒక హద్దు దాటి వంగిందంటే మాత్రం హెచ్చరిక లేకుండా బోర్లా పడుతుంది. కాబట్టి విసురు వల వేసేవాళ్లు మధ్యలోనే నిలబడాలి, ఇంకొకడు కూర్చునే ఉండాలి.

ఇక ఏ పడవ అన్నది చూద్దాం.

గాలి నింపే పీవీసీ పడవలు ఆన్‌లైన్లో చవక. డిక్కీలో పడతాయి, పది పన్నెండు కిలోలు ఉండేవీ దొరుకుతాయి. నా లెక్క ప్రకారం ఇవే గెలవాలి కదా? గెలవవు. కారణం కంప. ఎండాకాలం చెరువు అడుగున మొలిచిన కంపను కొట్టేస్తారు, మోళ్లు అలాగే ఉంటాయి. మరుసటి ఏడాది వాటి మీద నీళ్లు నిలుస్తాయి. నీళ్లు తగ్గేకొద్దీ ఆ మోళ్లు, విరిగిపడిన ముళ్ల కొమ్మలు పైపైకి వస్తాయి. టైరును కూడా పంక్చరు చేసే ముల్లు అది, ప్లాస్టిక్ తొడుగు దానికో లెక్కా? ఒక మిత్రుడు ముచ్చటపడి తెచ్చుకున్న పడవ నీళ్లలోకి కూడా పోలేదు, కట్ట దిగే దారిలోనే బుస్సుమంది. శుభ్రమైన ఈతకొలనులో పిల్లలకు బాగుంటుంది.

అల్యూమినియం చదును పడవల వీడియోలు చూసి మనసు పారేసుకునేవాళ్లు ఉన్నారు. మంచి పడవలే. పదీ పన్నెండు అడుగులవి యాభై కిలోల అటూఇటూ ఉంటాయి, రాయి తగిలితే సొట్ట పడుతుంది తప్ప పగలదు. కాకపోతే లోపల సీసా పడినా కాలు తగిలినా డప్పు మోగినట్టు మోగుతుంది, మోకాటి లోతు నీళ్లలో ఆ చప్పుడుకు చేప నిలబడదు. ఏప్రిల్ ఎండలో దాని మీద కూర్చోవడం వేరే కథ. ఉప్పునీళ్లలో వేరే లోహపు బోల్టులు తగిలిన చోట ఆ రేకు తినుకుపోతుంది కూడా. అన్నిటికంటే ముందు, తిరుపతిలో చూసి, తట్టి కొనుక్కునేలా దొరకదు.

పాలిథిన్‌తో పోతపోసిన కయాక్‌లు, అంటే తెడ్డుతో నడిపే సన్నటి పడవలు, పైన కూర్చునే రకం, పాతిక నుంచి ముప్పై అయిదు కిలోలు ఉంటాయి. ఒంటరిగా గాలం వేసుకునేవాళ్లకు నేను అడ్డు చెప్పను. కుళ్లదు, తుప్పు పట్టదు. చిల్లు పడితే మాత్రం మామూలు జిగురు ఏదీ దానికి అంటదు, వేడిచేసి అదే ప్లాస్టిక్‌తో అతికించాలి. ఇద్దరు పోవాలన్నా, వల విసరాలన్నా కుదరదు. చెరువు దగ్గరికి ఒక్కడే పోవడం నాకు ఇష్టం లేని పని, దానికి కారణం కింద చెబుతాను.

పుట్టి గురించి చెప్పకుండా ముందుకు పోతే పాపం. గుండ్రటి వెదురు బద్దల అల్లిక, పైన ఒకప్పుడు తోలు, ఇప్పుడు పట్టా, తారు. సోమశిల, శ్రీశైలం జలాశయాల్లో జాలర్లు ఈనాటికీ దాని మీదే బతుకుతున్నారు. చిన్న పుట్టిని బోర్లించి నెత్తిన పెట్టుకుని ఒక్క మనిషి నడిచిపోతాడు, అంటే నా పరీక్షలో అది ఎప్పుడో నెగ్గేసింది. దానికి ముందూ వెనకా లేదు కాబట్టి వల పరుచుకుంటూ పోయేవాడికి ఎటు కావాలంటే అటు తిరుగుతుంది. గాలం వేసేవాడికి అదే గుణం చిక్కు, చేప లాగగానే మనం కూడా గిర్రున తిరుగుతాం. పైగా తెడ్డు వేయడం నేర్చుకోవాలి. ముందువైపు నీళ్లను ఎనిమిది అంకెలా కోస్తూ పుట్టిని తనవైపు లాక్కోవాలి, అది ఒక ఆదివారంతో వచ్చే విద్య కాదు.

మోసే పరీక్షలో లారీ ట్యూబు కూడా నెగ్గుతుంది. మన చెరువుల్లో ఎక్కువగా కనిపించేది అదే, దాని మీద పలక కట్టుకుని, చేతులకు చిన్న తెడ్లు తగిలించుకుని వలలు చూసుకుంటారు. వాళ్లలో ఒక పెద్దాయన్ని, పడవ కొనుక్కోవచ్చు కదా అని అడిగితే, “పడవను రాత్రికి ఈడ వదిలిపెట్టి పోతే పొద్దునకి ఉంటాదా సామీ? ట్యూబైతే భుజానేసుకుని ఇంటికి పోతా” అన్నాడు. ముల్లు గుచ్చుకుంటే ఏం చేస్తావంటే ఊళ్లో పంక్చరు షాపు ఉంది కదా అన్నాడు. రోజూ ఆ నీళ్లలోనే ఉండి ఏ మోడు ఎక్కడుందో తెలిసినవాడి లెక్క అది, వారానికి ఒకసారి పోయే మనకు కుదరదు.

నా ఓటు ప్లైవుడ్ పడవకు. ఆరు మిల్లీమీటర్ల మెరైన్ ప్లై. ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కోటి సుమారు 12 కిలోలు ఉంటుంది. పదడుగుల పడవకు రెండు షీట్లూ, మూడో షీటులో కొంతా పడుతుంది. షీటు పొడవు ఎనిమిదడుగులే కాబట్టి అడుగున ఒక అతుకు తప్పదు, లోపలివైపు వెడల్పాటి పట్టీ వేసి ఎపాక్సీతో, అంటే రెండు ద్రవాలు కలిపి వాడే గట్టి జిగురుతో, అతికిస్తే అది నిలుస్తుంది. మూలల్ని మేకులతో కాకుండా సన్న రాగి తీగతో కుట్టి, లోపల ఎపాక్సీ పూసి, పైన గ్లాస్ ఫైబర్ టేపు వేయాలి. అన్నీ కలిపి 35 కిలోల దగ్గర తేలుతుంది. ఏ ఊళ్లోనైనా దొరికే సరుకు, కాస్త ఓపికున్న ఆచారి చేయగలిగిన పని.

ఆచారికి నచ్చజెప్పడమే కష్టం. “మేకు లేకుండా ఎట్టా నిలుస్తాది సార్? నాలుగు మేకులు కొడితే పోలా?” అంటాడు. ఆరు మిల్లీమీటర్ల అంచులో మేకు దిగితే పొరలు విడిపోతాయి, ఆ సందులోంచి నీళ్లు తాగుతుంది. ఇంకో సంగతి, షాపులో ‘మెరైన్’ అని చెప్పిందల్లా మెరైన్ కాదు. వంటింటి కప్‌బోర్డులకు అమ్మే సరుకులో రకరకాలు ఉంటాయి. షీటు మీద ఐఎస్ఐ గుర్తుతోబాటు ఐఎస్ 710 అనే ప్రమాణం నంబరు ఉండాలి, ఐఎస్ 303 అంటే మామూలు ప్లై. 710 రకానికి జిగురు పరీక్షే 72 గంటలు నీళ్లలో ఉడికించడం. మనం మూడు రోజులు ఉడికించక్కర్లేదు, మిగిలిన ముక్కను ఒక పూట ఉడికించి చూసినా నాసిరకం బండారం చాలావరకు బయటపడుతుంది. పొయ్యి ఎవరిదో, గ్యాసు ఎవరిదో ఇంట్లో ముందే మాట్లాడుకోండి. ఎపాక్సీకి ఎండ పడదు కాబట్టి పైన పెయింటు ఉండాల్సిందే, ఏటా ఒకసారి అంచులు చూసుకోవాల్సిందే. మోడు తగిలి చిల్లు పడితే చిన్న ముక్క, కాస్త ఎపాక్సీతో పోతుంది.

ఒక చిన్న విషయం చాలామందికి తెలియదు. పడవ బోర్లా పడినా మునగకుండా సీట్ల కింద థర్మోకోల్ పెడతారు. వంద లీటర్ల థర్మోకోల్ నీళ్లలో ఇంచుమించు వంద కిలోల బరువును మోస్తుంది, మంచిదే. కానీ ఫైబర్ పనివాళ్లు వాడే పాలియెస్టర్ రెజిన్ దానికి తగిలితే థర్మోకోల్ కరిగి జావైపోతుంది, ఆ రెజిన్‌లో ఉండే స్టైరీన్ అనే రసాయనం దాన్ని తినేస్తుంది. పైన గట్టి పెట్టె కనిపిస్తుంది, లోపల ఖాళీ. ఎపాక్సీ అయితే ఆ బాధ లేదు. ఫైబర్ పడవ కొనేవాళ్లు లోపల ఏం పెట్టారో, దేనితో మూశారో అడిగి తీరాలి.

మోటారు వద్దు. బావకు అన్నిటికంటే కోపం తెప్పించే మాట ఇది. చిన్న ఎలక్ట్రిక్ మోటారుకైనా రెక్క పూర్తిగా నీళ్లలో మునిగి, కింద నేలకు తగలకుండా ఉండాలి. ఎనిమిది సెంటీమీటర్ల లోతులో తేలే పడవ చేయించుకుని, అరమీటరు నీళ్లు ఉంటే తప్ప కదలని మోటారు తగిలిస్తే పడవ లోతు కాస్తా మోటారు లోతు అయిపోతుంది. గుర్రపుడెక్క చుట్టుకుంటే ఆగి, చేయి పెట్టి పీకాలి. వంద యాంపియర్-అవర్ లెడ్ బ్యాటరీ ఒక్కటే పాతిక, ముప్పై కిలోలు. ఎంత కష్టపడి తగ్గించిన బరువు, మళ్లీ అడుసులో మన భుజం మీదికే. వెదురు గెడ చాలు. కింది కొసకు అడ్డంగా చిన్న చెక్క బిగిస్తే బురదలోకి దిగబడదు. అది లేకపోతే గెడ దిగిపోతుంది, మనం దాన్ని పట్టుకుని వేలాడుతుంటాం, పడవ ముందుకు పోతుంది.

నడుం లోతు నీళ్లకు లైఫ్ జాకెట్ ఎందుకని నవ్వేవాళ్లకు ఒకటే చెబుతాను. నడుం లోతు అన్నది నీటి లెక్క. దాని కింద మోకాటి లోతు అడుసుంది. పడవలోంచి నిలువునా పడితే రెండు కాళ్లూ దిగిపోతాయి, ఒకటి పీకబోతే ఇంకొకటి ఇంకా దిగుతుంది. ఒంటరిగా పోవద్దనేది అందుకే.

పులికాట్‌కు ఈ పడవ పనికిరాదు. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు అది, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ భాగంలో చాలావరకు తిరుపతి జిల్లాలోనే ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు పోయే రోడ్డు మీద ఆగి చూస్తే, నీళ్లు కనుచూపు మేర ఉంటాయి, అంత నీళ్ల మధ్యలో ఫ్లెమింగోలు కాళ్ల మీద నిలబడి ఉంటాయి. అది చూసి మోకాటి లోతే కదా, మన పదడుగుల పడవ చాలు అనిపిస్తుంది. లోతు సంగతి నిజమే. కానీ మధ్యాహ్నం సముద్రం గాలి లేచిందంటే దాన్ని ఆపడానికి అక్కడ చెట్టూ లేదు, కట్టా లేదు. తడ దగ్గర భీమునివారిపాళెం నుంచి ఇరకం దీవికి తిరిగే పడవల్ని చూడండి, మన పడవ వాటి పక్కన బొమ్మలా ఉంటుంది. బావ చెప్పే బరువు, పొడవు అక్కడ సరైన మాటలే. పైగా అది పక్షుల అభయారణ్యం, అటవీ శాఖ పరిధి. అక్కడ వేట తరతరాలుగా ఆ ఊళ్ల వాళ్ల జీవనాధారం. ఆదివారం సరదాకు వాళ్ల వలల మధ్యలోకి దూరడం నాకు సబబుగా అనిపించదు.

ఊరి చెరువు కూడా ఎవరికీ చెందనిదేం కాదు. మత్స్యకారుల సహకార సంఘానికో, వేలం పాడుకున్నవాళ్లకో చేపల హక్కు ఉంటుంది. ముందు వాళ్లను కలవాలి. గాలం వరకైతే చాలామంది కాదనరు, కొందరు కొంత డబ్బు అడుగుతారు, ఇవ్వాలి. కల్యాణి డ్యాం జోలికి మాత్రం పోవద్దు, అవి తిరుపతి, తిరుమల తాగే నీళ్లు.

ఇంత చెప్పినా బావ మారలేదు. నెల్లూరులో ఎవరో పాత ఫైబర్ పడవ అమ్ముతున్నారట, పన్నెండడుగులది, మోటారుతో సహా బేరం కుదిరేలా ఉందట. మొన్న ఫోన్ చేసి, తెచ్చుకోవడానికి తెలిసిన ట్రాలీ ఆటో ఉంటే చెప్పమన్నాడు. ఆటో నంబరు ఇచ్చాను. కట్ట దిగాక మోయడానికి నలుగురు మనుషుల్ని కూడా ఇప్పుడే మాట్లాడి పెట్టుకో బావా, ఆదివారం నాడు దొరకరు అన్నాను. ఫోన్ పెట్టేశాడు.